ఉప్పు ఆకలి: డెంటన్ గ్రంథంపై ఒక విమర్శ

పశువు గోడ నాకడం పల్లెటూళ్ళలో ఎవరికీ వింత కాదు. జగిత్యాల జిల్లా మల్యాల ప్రాంతంలో సాయంకాలం మంద ఊరు చేరే వేళ, మూత్రం ఇంకిన గోడ మూలలను, చౌడు పేరిన మట్టిగడ్డలను మేకలు వదలక నాకుతాయి. పాడిబర్రె ఉన్న ఇంట కుడితిలో కాస్త రాళ్ళ ఉప్పు వేయడం పెద్దల కాలంనుంచి ఉన్నదే. తొలకరి పడిన తరువాత తడిమట్టిమీద సీతాకోకచిలుకలు గుంపులుగా వాలి బురదనీటిని పీల్చడం పిల్లలందరూ చూచినదే. అవి వాలేది వట్టి నీటికోసం కాదనీ, సోడియంకోసమనీ 1974లో అమెరికాలో ఒక జాతిపై జరిపిన ప్రయోగంలో తేలింది. ఈ దృశ్యాలన్నింటికీ తరగతి గదిలో సాధారణంగా వినవచ్చే వివరణ ఒక్కటే: జంతువుకు తన ఒంటికి ఏది కావలెనో తెలుసును, అది వెదకి తింటుంది. వినడానికి ఇంపైన మాట. కాని ఇది ఎంతవరకు నిజం? ఏ పదార్థం విషయంలో నిజం? మనిషి విషయంలో కూడ నిజమేనా?

ఈ ప్రశ్నలను పట్టించుకొనేవారు తప్పక చూడవలసిన గ్రంథం ఒకటి ఉన్నది. ఆస్ట్రేలియా శరీరధర్మ శాస్త్రజ్ఞుడు డెరిక్ డెంటన్ (1924–2022) రచించిన 'ది హంగర్ ఫర్ సాల్ట్', అనగా 'ఉప్పు ఆకలి', 1982లో వెలువడింది. 600 పుటలు దాటిన ఉద్గ్రంథం. మెల్బోర్న్ నగరంలోని హోవార్డ్ ఫ్లోరీ సంస్థలో డెంటన్, ఆయన సహచరులు గొర్రెలపైనా, కుందేళ్ళపైనా, ఇతర జంతువులపైనా దశాబ్దాల తరబడి చేసిన పని అంతా ఇందులో పోగుపడి ఉన్నది. ఆయన సిద్ధాంతాన్ని ఒక్క వాక్యంలో చెప్పవచ్చును. సోడియం కొరత అనే ఒత్తిడి యుగాల తరబడి పనిచేసి, శాకాహార జంతువుల మెదడులో ఉప్పును గుర్తించి వెదికే ఒక సహజాతాన్ని నిర్మించింది. మనిషిలోనూ ఆ సహజాతమే మిగిలి ఉన్నది. ఈ వాక్యంలో మొదటి సగం నలభై ఏండ్లు గడచినా చెక్కుచెదరలేదు. చిక్కంతా రెండవ సగంతోనే.

మొదటి సగానికి పునాది మొక్కలలో ఉన్నది. జంతువు రక్తంలోను, కణాల వెలుపలి ద్రవంలోను ముఖ్యమైన లవణం సోడియం క్లోరైడు. చాలా మొక్కలకు సోడియంతో అంత పని లేదు. వాటి వ్యవహారమంతా పొటాసియంతో నడుస్తుంది. అందుచేత గడ్డి మేసే జంతువుకు పొటాసియం కావలసినదానికన్న ఎక్కువగాను, సోడియం తక్కువగాను దొరుకుతుంది. పులికి ఈ బాధ లేదు. అది తినే జింక నెత్తురులోనే ఉప్పు ఉన్నది. సముద్రతీరంలో గాలీ వానా కొంత ఉప్పును నేలకు చేరుస్తాయి. లోతట్టు ప్రాంతాలకు పోయినకొద్దీ ఆ రాబడి తగ్గిపోతుంది. కొండలపైన వాన, కరగిన మంచు ఉన్న సోడియాన్ని కూడ కడిగివేస్తాయి. ఇక పాడిపశువుకు ఖర్చు మరింత. లీటరు పాలలో సుమారు అర గ్రాము సోడియం ఉంటుంది. రోజుకు 6 లీటర్లు ఇచ్చే బర్రె పాలలో పోగొట్టుకొనే సోడియం 7 గ్రాములకు పైగా ఉప్పుతో సమానం. కుడితిలో ఉప్పు వేసిన పెద్దలకు ఈ లెక్క తెలియకపోవచ్చును గాని, వారు చేసిన పని తప్పు కాదు.

ఆగ్నేయ ఆస్ట్రేలియాలోని స్నోయీ పర్వతాలలో డెంటన్ బృందం చేసి 1968లో ప్రకటించిన పరిశీలన ఈ పరిశోధన అంతటిలోకి అందమైనది. అక్కడి కుందేళ్ళ మూత్రంలో సోడియం దాదాపు లేదు. సోడియాన్ని పొదుపుచేయించే హార్మోను ఆల్డోస్టిరోన్. దానిని తయారుచేసే అధివృక్క గ్రంథి పొర సోడియం పుష్కలంగా ఉన్న ప్రాంతాల కుందేళ్ళలో కన్న వీటిలో బాగా పెరిగి ఉన్నది. శాస్త్రజ్ఞులు కొయ్యమేకులను రకరకాల లవణ ద్రావణాలలో నానబెట్టి నేలలో పాతారు. సోడియం లవణాలలో నానిన మేకులను కుందేళ్ళు కొరికి తినివేశాయి. పొటాసియం, మెగ్నీషియం లవణాలలో నానినవాటిని అంతగా పట్టించుకోలేదు. ఖరీదైన పరికరం ఒక్కటీ లేదు, కొయ్యమేకులే! ఉపాధ్యాయులు ఈ ప్రయోగం రూపకల్పనను విద్యార్థులకు విడమరచి చెప్పడం మంచిది. పోలికకు ఇతర లవణాల మేకులు లేకపోయి ఉంటే, కుందేలు సోడియంకోసం కొరికిందో, ఏదో ఒక లవణంకోసం కొరికిందో, వట్టి కొయ్యకోసమే కొరికిందో తేలి ఉండేది కాదు.

గొర్రెలపై ప్రయోగం మరింత సూక్ష్మమైనది. నెమరువేసే జంతువు రోజూ లీటర్లకొద్దీ లాలాజలం మ్రింగుతుంది. దానిలో సోడియం పుష్కలంగా ఉంటుంది. మ్రింగినది తిరిగి రక్తంలోకే చేరుతుంది గనుక మామూలుగా నష్టం లేదు. డెంటన్ శస్త్రచికిత్సచేసి, చెవిక్రింది లాలాజల గ్రంథి నాళాన్ని చెంప వెలుపలికి మళ్ళించాడు. లాలాజలం బయటికి కారిపోతూ ఉండడంచేత గొర్రెకు సోడియం లోటు ఏర్పడింది. దానిముందు మంచినీటితోపాటు వేరువేరు లవణాల ద్రావణాలు పెట్టగా, అది సోడియం ఉన్నదానినే ఎన్నుకొని, పోగొట్టుకొన్న పరిమాణానికి దాదాపు సరిపోయేంత త్రాగింది. అదీ కొద్ది నిమిషాలలో! త్రాగిన ఉప్పు రక్తంలో కలిసి లోటు పూడేవరకు అది వేచి ఉండలేదు. నోటిలోనో, గొంతులోనో, కడుపులోనో కొలత ముందుగానే జరిగిపోతున్నదన్నమాట.

ఇక్కడ మరొక విశేషం ఉన్నది. లోటు ఏర్పడిన వెంటనే ఉప్పు ఆకలి పుట్టదు. ఒకటి రెండు రోజులు పడుతుంది. దాహం ఇట్లా ఆలస్యం చేయదు. ఆ మధ్యకాలంలో శరీరం ఊరక కూర్చోదు. మూత్రపిండాలు సోడియాన్ని బిగబట్టుతాయి. లాలాజలంలో సోడియం తగ్గి పొటాసియం దాని స్థానాన్ని ఆక్రమిస్తుంది. నెమరుకడుపులోని నిలవ రక్తానికి అక్కరకు వస్తుంది. పొదుపు ముందు, ఆకలి తరువాత. పాఠ్యబోధనలో సాధారణంగా విడిచిపెట్టే అంశం ఇదే.

డెంటన్‌కు ముందు ఈ దారి వేసినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు కర్ట్ రిక్టర్. అధివృక్క గ్రంథులు తీసివేసిన ఎలుక మూత్రంలో సోడియం పోగొట్టుకొని కొద్ది రోజులలో చనిపోతుంది. ఉప్పునీరు కూడ అందుబాటులో ఉంచితే అదే ఎలుక ఆ నీరు విస్తారంగా త్రాగి బ్రతుకుతుందని రిక్టర్ 1936లో చూపించాడు. ఇంతవరకు నిక్కమైన శాస్త్రం. అయితే ఆయన అంతటితో ఆగక, విటమినుల విషయంలోను, కాల్షియం విషయంలోను కూడ జంతువుకు ఇటువంటి వివేకమే ఉన్నదని భావించాడు. తరగతి గది వాక్యం పుట్టినది ఈ విస్తరణనుంచే.

ఆ విస్తరణ నిలువలేదు. బి1 విటమిను కొరతగల ఎలుక విటమినును గుర్తుపట్టదు. పాత తిండిపై ఏవగింపు కలిగి కొత్త తిండివైపు పోతుంది. తిన్న తరువాత ఒంట్లో బాగున్నదనిపిస్తే దానినే పట్టుకొంటుంది. ఇది నేర్చుకొన్న విద్య, పుట్టుకతో వచ్చిన జ్ఞానం కాదు. 1960ల ప్రయోగాలలో పాల్ రోజిన్ దీనిని స్పష్టం చేశాడు. భాస్వరం లోపించిన పశువుల కథ ఇంకా విషాదకరం. దక్షిణాఫ్రికాలో ఆర్నాల్డ్ థీలర్ పరిశోధించిన పశువులు భాస్వరం కొరతచేత మైదానంలో పడి ఉన్న కళేబరాల ఎముకలు నమిలాయి. ఆ కళేబరాలలోని బాక్టీరియా విషం సోకి చనిపోయాయి. కోరిక నిజమే, కొరతా నిజమే. ఫలితం మాత్రం మృత్యువు. దీనిని వివేకం అనడానికి నోరు రాదు. కనుక మట్టి నాకే ప్రతి పశువూ ఉప్పుకోసమే నాకుతున్నదని చెప్పడం, జంతువుకు అన్నీ తెలుసునని చెప్పడం, రెండూ తప్పే.

ఉప్పు ఆకలి మాత్రం వేరే కోవకు చెందినది. ఈ విషయంలో డెంటన్‌ను తరువాతి పరిశోధన సమర్థించడమే కాదు, ఆయన ఊహించినదానికన్న ముందుకు పోయింది. 2013లో ప్రచురితమైన ఒక ప్రయోగం చిత్రమైనది. పంజరంలోకి ఒక చువ్వ చొచ్చుకొని వచ్చినప్పుడల్లా ఎలుక నోటిలో మృతసముద్రపు నీటియంత ఉప్పటి ద్రావణాన్ని చిమ్మేవారు. ఎలుకకు చువ్వ కనిపిస్తేనే రోత, దూరంగా పారిపోయేది. అప్పుడు మందులిచ్చి, దాని జీవితంలో మొట్టమొదటిసారిగా సోడియం లోటు కలిగించారు. ఆ ఉప్పును మళ్ళీ రుచి చూడకముందే ఎలుక చువ్వ దగ్గరికి ఉరికి దానిని కొరకసాగింది. ఆ ఉప్పు దానికి ఎన్నడూ హితంగా తోచి ఉండలేదు గనుక, దీనిని అనుభవంవల్ల నేర్చినదనడానికి వీలులేదు. నాలుకపై సోడియాన్ని మాత్రమే పట్టుకొనే ప్రత్యేక కణాలు చుంచెలుకలో ఉన్నవని 2010లో తేలింది. ఆల్డోస్టిరోన్‌కు స్పందించే కొన్ని నాడీకణాలు మెదడు కాండంలో ఉన్నవనీ, సోడియం తగ్గినప్పుడు అవి చురుకై ఉప్పు ఆకలిని రేపుతాయనీ 2017లో వెల్లడైంది. డెంటన్ కూడ చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 2011లో, 87వ ఏట, ఉప్పు ఆకలిగొన్న చుంచెలుకల హైపోథాలమస్‌లో జన్యువుల పనితీరు మారుతుందనీ, ఉప్పునీరు త్రాగిన 10 నిమిషాలలోనే ఆ మార్పులు చాలావరకు వెనుకకు మళ్ళుతాయనీ సహచరులతో కలిసి ప్రకటించాడు.

ఇంత బలమైన సిద్ధాంతాన్ని దక్కను పీఠభూమికి అన్వయించేటప్పుడు మాత్రం తొందర పనికిరాదు. మల్యాల సముద్రానికి 300 కిలోమీటర్లకు మించిన దూరంలో ఉన్నది. అంతమాత్రాన అది స్నోయీ పర్వతం కాదు. ఇక్కడ సాలుకు పడేది దాదాపు 1000 మిల్లీమీటర్ల వాన. అదీ నాలుగు నెలలలో. మిగిలిన కాలమంతా ఎండ. మిట్టమీది ఎర్ర చెలకలలో లవణాలు కొట్టుకొనిపోతాయి. ఆ నీరు చేరే పల్లంలో, చెరువుల క్రింద, నీరు ఆవిరై లవణాలు పైకి పేరుకొంటాయి. చౌడు అంటే ఇదే. ఉప్పునీళ్ళు పడే బావులు తెలంగాణంలో కొత్త కాదు. ఒకే ఊరి పొలిమేరలో సోడియం లేని గడ్డి, సోడియం ఎక్కువైన నేల పక్కపక్కనే ఉండవచ్చును. కాబట్టి సముద్రంనుంచి దూరం చూచి లోటును ఊహించడం ఇక్కడ చెల్లదు.

నాకుడు చూచి ఊహించడం కూడ చెల్లదు. ఏ లోటూ లేని ఎలుక సైతం మంచినీటికన్న పలుచని ఉప్పునీటినే ఇష్టపడుతుంది. అడవులలో వన్యమృగాలకోసం ఉప్పుగడ్డలు పెట్టడం అటవీశాఖలకు పరిపాటి. జింకలు వచ్చి నాకినవి గనుక వాటికి సోడియం లోటు ఉన్నదని తీర్మానిస్తే అది తర్కం కాదు. లోటుకు సాక్ష్యం మూత్రంలో, లాలాజలంలో, అధివృక్క గ్రంథిలో ఉంటుంది. స్నోయీ కుందేళ్ళ విషయంలో డెంటన్ ఆ సాక్ష్యం తెచ్చి చూపాడు. అందుకే ఆ పరిశీలనకు అంత విలువ.

మనిషి విషయానికి వచ్చేసరికి గ్రంథం పట్టు సడలుతుంది. ఈ వాదానికి తరచు చూపే ఆధారం ఒక పసివాని కథ. మూడున్నర ఏండ్ల బాలుడు ఉప్పును పిడికిళ్ళతో తినేవాడు. ఆసుపత్రిలో చేర్చి మామూలు భోజనం పెట్టగా వారం రోజులకు మరణించాడు. అధివృక్క గ్రంథులు చెడిపోయి ఉన్నవని ఆ తరువాత తెలిసింది. విల్కిన్స్, రిక్టర్ 1940లో ఈ వృత్తాంతం ప్రకటించారు. పిల్లవాడు తన ప్రాణాన్ని ఉప్పుతో నిలుపుకొంటున్నాడనడంలో సందేహం లేదు. మనిషి మెదడులో ఆ పాత యంత్రం పూర్తిగా చెరిగిపోలేదని ఇది చూపుతుంది. ఆరోగ్యవంతుడైన మనిషి రోజూ ఉప్పు తినడానికి ఆ యంత్రమే కారణమని మాత్రం ఇది చూపదు.

ఎదురు సాక్ష్యం చాలా ఉన్నది. 1936లో ఇంగ్లండులో మెక్కాన్స్ కొందరికి ఉప్పులేని ఆహారం పెట్టి, చెమటలు పట్టించి సోడియం లోటు కలిగించాడు. నీరసం, కండరాల పట్టులు, తిండి రుచించకపోవడం కనిపించాయి. 1990లో మందులతో లోటు కలిగించిన స్వచ్ఛంద సేవకులలో ఉప్పటి పదార్థాలపై ఇష్టం కొంత పెరిగింది. గొర్రెకు కలిగినవంటి తీవ్రమైన కోరిక కాదది. బ్రెజిల్, వెనెజ్వేలా సరిహద్దు అడవులలోని యానోమామి ప్రజల సంగతి వీటికన్న ముఖ్యమైనది. 1975లో వెలువడిన పరిశోధన ప్రకారం వారి ఆహారంలో ఉప్పు లేదు. వారి ఆల్డోస్టిరోన్ స్నోయీ కుందేలుకువలెనే చాల ఎక్కువ. అయినా తరతరాలుగా ఉప్పు లేకుండానే జీవించారు. వయస్సుతోపాటు రక్తపోటు పెరగడమనే బాధ కూడ వారికి లేదు.

తెలుగు నుడికారం ఇక్కడ ఇంగ్లీషుకన్న మేలు. ఆకలి వేరు, జిహ్వచాపల్యం వేరు అని తెలుగువారికి ఎవరూ చెప్పనక్కరలేదు. గొర్రెది ఆకలి. ఆవకాయతో అన్నం ముగించి, పెరుగన్నంలోకి మళ్ళీ కొంచెం తొక్కు వేయించుకొనేవానిది రెండవది. డెంటన్ రెండింటినీ ఒకే మాటక్రింద నడిపించినందువల్ల, మనిషి తినే ఉప్పుకు ప్రకృతి ఆమోదముద్ర ఉన్నట్లు పాఠకునికి తోచే ప్రమాదం ఉన్నది. ఆయన ఉద్దేశం అది కాదు. గాబన్ దేశంలో చింపాంజీల ఆహారంలో ఉప్పు పెంచితే వాటి రక్తపోటు పెరిగిందనీ, ఉప్పు మానిపిస్తే తగ్గిందనీ 1995లో చూపినది ఆయన బృందమే. పెద్దలు రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు తినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. భారతదేశంలో సగటు వాడకం దానికి బాగా పైన ఉన్నదని సర్వేలు చెబుతున్నాయి. ఒంటికి కావలసినంతే నోరు అడుగుతుందన్న నమ్మకం ఇక్కడ హాని చేస్తుంది.

అదే నమ్మకం మరొక వైపునుంచి ఇంకా తీవ్రమైన హాని చేయగలదు. వాంతులు, విరేచనాలతో పసిపిల్లవాడు సోడియం పోగొట్టుకొంటాడు. వాడు ఉప్పు అడగడు. కావాలంటే వాడే అడుగుతాడని తల్లి ఎదురుచూడరాదు. లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, దానితో గ్లూకోజు, ఇతర లవణాలు కలిపిన పొట్లాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసినది ఇందుకే. వేసవిలో ఎండన పనిచేసే కూలీ విషయం కూడ ఇంతే. అతనికి దాహం అవుతుంది, మంచినీరు త్రాగుతాడు. చెమటలో పోయిన ఉప్పును నోరు గుర్తుచేస్తుందన్న భరోసా లేదు. ఉప్పు వేసిన అంబలి, మజ్జిగ ఆ పని చేస్తున్నవంటే అది అలవాటు మేలు. సహజాతం ఘనత కాదు.

ఉప్పు వర్తకం చరిత్రనుంచి తెచ్చే వాదం కూడ ఇట్లాంటిదే. లంబాడీలు ఎద్దుల మందలపై కోస్తానుంచి దక్కను లోపలికి శతాబ్దాలపాటు ఉప్పు మోశారు. ధాన్యం, జొన్నలు తినేవారికి పొటాసియం ఎక్కువై సోడియం కావలసి వస్తుందని 19వ శతాబ్దంలో గుస్తావ్ బుంగే ప్రతిపాదించిన సిద్ధాంతాన్ని దీనికి జోడించడం సులభం. అరటికాయలు, కర్రపెండలం తిని ఉప్పు లేకుండా బ్రతికిన యానోమామి ముందు ఆ సిద్ధాంతం తలవంచక తప్పదు. ఎద్దులు మోసిన ఉప్పులో కొంత పచ్చళ్ళు నిలవచేయడానికి, కొంత చేపలు ఎండబెట్టడానికి, కొంత తోళ్ళకు, కొంత పశువులకు పోయింది. మిగిలినది రుచికి. ఉప్పు ధర దాని అవసరానికి కొలబద్ద కాదు.

ఇన్ని చెప్పినా 'ఉప్పు ఆకలి' వంటి గ్రంథం ఈ విషయంపై మరొకటి లేదు. ప్రతి ఉన్నత పాఠశాల గ్రంథాలయానికీ అది చేరడం కష్టం గాని, కొయ్యమేకులు, గొర్రెల అధ్యాయాల సారాంశం తెలుగులో రావడం అవసరం. ఆ లోపల పిల్లలచేత చేయించదగిన పరీక్ష ఒకటి ఉన్నది. అమెరికా ఖండాలలో సముద్రానికి 100 కిలోమీటర్లకు మించిన దూరంలోని చీమలు చక్కెర నీటికన్న ఉప్పునీటివైపు ఎక్కువగా మొగ్గుతాయని 2008లో ప్రచురితమైంది. శాకాహార, సర్వాహార చీమలలో ఇది స్పష్టం. వేటాడే చీమలలో కాదు. మల్యాలలో ఏమి జరుగుతుందో చూడవచ్చును. కొండగట్టు కోతులు ఇందుకు పనికిరావు. యాత్రికులు పెట్టే పులిహోర వాటికి కావలసినంత ఉప్పు సమకూరుస్తుంది. ఇండ్లకు, బాటకు దూరంగా మిట్టమీద ఒక చోటు, చెరువు క్రింది చౌడులో ఒక చోటు ఎన్నుకోవాలి. నూటికి ఒక పాలు చక్కెర కలిపిన నీటిలో, నూటికి ఒక పాలు ఉప్పు కలిపిన నీటిలో, వట్టి మంచినీటిలో తడిపిన దూది ఉండలను ఒక్కొక్క మూర ఎడంగా పెట్టాలి. గంట తరువాత ఏ ఉండమీద ఎన్ని చీమలు, ఏ రకం చీమలు ఉన్నవో లెక్కించి వ్రాసుకోవాలి. వానలకు ముందు ఒకసారి, వానలు వెలిసిన తరువాత ఒకసారి, అవే చోట్ల.